రీబె చర్చిలో మొదటి వరుస

డెన్మార్క్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి సింగపూర్‌లో మా చోవా చూ కాంగ్ బ్లాకులో తెలుగువాళ్ళు లిఫ్టులో కనిపిస్తే చాలు, ఎలా ఉందండీ అని అడుగుతున్నారు. చల్లగా ఉందని చెప్పి, మా అంతస్తు రాగానే దిగిపోతున్నాను. ఫోటోలు చూపించమంటే రీలు ఇంకా కడిగించలేదని అబద్ధమాడుతున్నాను. ఎప్పుడో కడిగించాను. వాటిని తిరగేసినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి, మళ్ళీ కవర్లో పెట్టేస్తాను. నేనక్కడ చేసిన పని లిఫ్టు పైకి వెళ్ళేలోగా చెప్పేది కాదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

పోయిన డిసెంబరు దాకా కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకాన్ని హడలగొట్టిన వై టూ కే గండం చప్పుడు చెయ్యకుండా దాటిపోయింది కదా. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పట్టపగ్గాలు లేవు. కీబోర్డు మీద నాలుగు వేళ్ళు ఆడితే చాలు, ఏదో ఒక దేశానికి పంపేస్తున్నారు. మా ఆయన మూర్తిగారి కంపెనీ ఓడల సరుకు లెక్కలు చూసే ప్రోగ్రాములు రాస్తుంది. ఆయన్ని డెన్మార్క్‌లో ఎస్బియెర్ అనే రేవు ఊరికి మూడు నెలలు తోలారు. అక్కడ ఇళ్ళు దొరక్క, రైల్లో అరగంట దూరంలో ఉన్న రీబె అనే పాత ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంట్లో మేడ మీద గది తీసుకున్నారు. ప్రాజెక్టు ఆఖర్న, పాయా లేబర్‌లో నా టెస్టింగ్ ఉద్యోగానికి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. జూన్ నెల. మనకి ఉక్కపోత, వాళ్ళకి వేసవి. వాళ్ళ వేసవికి నేను రెండు స్వెట్టర్లు వేసుకున్నాను.

ఒరిగిన ఇల్లు

డెన్మార్క్‌లో అన్నిటికన్నా పాత ఊరు రీబె అంటారు. నడిమధ్యన పెద్ద చర్చి, చుట్టూ రాళ్ళు పరిచిన సందులు. ఇళ్ళు చెక్క దూలాల మధ్య ఇటుక పేర్చి కట్టినవి. సగం ఇళ్ళు పక్కింటి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డట్టు ఒరిగి ఉంటాయి. సింగపూర్‌లో అయితే ఇలాంటి గోడ కనపడ్డ వారానికి నోటీసు అంటించి పడగొట్టేస్తారు. ఇక్కడ దానికి రంగు వేసి, కిందన గులాబీ మొక్క పెడతారు.

ఇంటావిడ పేరు కిర్‌స్టెన్. డెబ్బై దాటిన మనిషి, పొడుగరి, తపాలా ఆఫీసులో చేసి రిటైరైంది. నేను అలవాటు కొద్దీ ఆంటీ అన్నాను. సింగపూర్‌లో కూరలమ్మే చైనా ఆవిడ కూడా ఆంటీయే కదా. ఈవిడ కాస్త ఆలోచించి, "మీ అమ్మకి నేనేమవుతాను?" అని ఇంగ్లీషులో అడిగింది. ఏమీ కారు, పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవలేను అన్నాను. "అయితే పిలువు, నాకేం నష్టం లేదు," అంది. నా పేరు వసుంధర ఆవిడకి నోరు తిరగలేదు. వాసు అంటే మాత్రం చక్కగా పలికింది. అది మగపేరని చివరిదాకా చెప్పలేదు.

వెళ్ళిన రోజు ఆవిడ మాకు కాఫీ ఇచ్చింది, నల్లటి రై రొట్టె మీద వెన్న రాసి, ఊరేసిన చేప ముక్కలు పేర్చి పెట్టింది. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, చేపంటే ఆత్రంగా నోట్లో పెట్టుకున్నాను. తియ్యగా ఉంది. చేపలో పంచదార వేసే దేశం ఒకటుంటుందని నాకు తెలియదు. మింగలేక, కక్కలేక, బాగుందన్నాను. ఆవిడ సంతోషించి ఇంకో రెండు ముక్కలు వేసింది. ఇంత స్థిమితంగా మాకు మర్యాదలు చేస్తున్న మనిషికి రెండు రోజుల కిందటే అన్న చనిపోయాడని మా ఆయన గదిలోకి వెళ్ళాక చెప్పారు. నేను నమ్మలేదు.

"శవం ఏదండీ మరి?"

"ఎక్కడో భద్రంగానే ఉంటుంది. ఇక్కడ వారం దాకా ఆగుతారు. బంధువులందరికీ వీలు కుదరాలి కదా."

మన దగ్గర పొద్దున పోతే సాయంత్రానికి అన్నీ అయిపోతాయి. ఇక్కడ ఏడవడానికి కూడా తీరిక చూసుకుంటారా అని ఆ రాత్రి మనసులో ఈవిడ మీద కొంచెం చిరాకు పడ్డాను. ఆ చిరాకు నాకే తిరిగి తగిలింది, చెబుతాను.

కాపలా లేని ఊరు

మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక నేను ఊరు తిరిగేదాన్ని. ఇళ్ళ కప్పుల మీద కొంగల కోసం ఇనప చట్రాలు కట్టి ఉంచారు. ఒకప్పుడు ఏటా వచ్చి గూళ్ళు పెట్టేవట, ఇప్పుడు రావడం లేదు. అయినా చట్రాలు తియ్యలేదు. కాఫీ కొట్ల బయట తోపుడు బళ్ళలో పసిపిల్లలు నిద్రపోతున్నారు, తల్లులు లోపల కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక బండి పక్కన కాసేపు కాపలాగా నిలబడితే, తల్లి బయటికొచ్చి నన్నే అనుమానంగా చూసింది.

ఊరి చివర రోడ్డు పక్కన ఒక బల్ల మీద కొత్త బంగాళాదుంపలు సంచుల్లో పెట్టి, పక్కన డబ్బులు వెయ్యడానికి ఒక రేకు డబ్బా పెట్టారు. అమ్మే మనిషి లేడు. కొట్లో కాఫీ ధర విని గుండె ఆగినంత పనైన నాకు ఈ దుంపల ధర దేవుడిచ్చిన వరంలా అనిపించింది. డబ్బులు వేసి ఒక సంచీ తెచ్చి, ఆవాలు, ఎండుమిరపకాయలు వేసి వేపుడు చేశాను. పోపు ఘాటుకి కిర్‌స్టెన్ దగ్గుతూ మేడెక్కి వచ్చి, కిటికీలన్నీ తెరిచి, ఒక గిన్నె నిండా పెట్టించుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం గిన్నె కడిగి తిరిగివ్వడానికి వచ్చి కూర్చుంది. అన్న గురించి చెప్పింది. ఆయన పేరు ఆండర్స్. పెళ్ళి చేసుకోలేదు. నది పక్కన సైకిళ్ళ రిపేరు కొట్టు. ఊళ్ళో ఆయన చెయ్యి పడని సైకిలు లేదట. మా ఆయన స్టేషనుకి తొక్కుకెళ్ళే డొక్కు సైకిలు కూడా ఆయన బాగు చేసిందే.

"గురువారం చర్చికి మీరిద్దరూ రండి," అంది.

తర్వాత ఇంకో సంగతి చెప్పింది. ఆవిడకి ఒక చెల్లెలుంది, బిర్తె. ఎస్బియెర్ ఎదురుగా ఫానో అనే లంకలో ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట తల్లి పోయినప్పుడు, ఆ రోజు గాలివానకి పడవ ఆలస్యమై బిర్తె సమయానికి రాలేకపోయింది. ఏర్పాట్లన్నీ చూస్తున్న కిర్‌స్టెన్ కార్యక్రమం ఆపలేదు. బిర్తె చర్చి గుమ్మంలోకి వచ్చేసరికి శవం పెట్టె బయటికి మోసుకొస్తున్నారు. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఇప్పుడు ఆండర్స్ పోయిన కబురు కిర్‌స్టెన్ ఉత్తరంలో రాసింది, జవాబు లేదు.

"ఎడమ వైపు మొదటి వరుసలో, దారి పక్క సీటు ఆమెది. దాని పక్కది నాది. ఆ సీటు ఖాళీగా ఉంటుంది. వచ్చి కూర్చుంటే చాలు, మాట్లాడక్కర్లేదు. నేను వెనక్కి తిరిగి కూడా చూడను. చూస్తే అక్కడే ఆగిపోతుంది, నాకు తెలుసు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ పెద్దావిడకి ఏదైనా సాయం చెయ్యాలని గట్టిగా అనుకున్నాను. అనుకోకుండా ఉంటే బాగుండేది.

గురువారం

ఆ పొద్దున సన్నగా వాన. కిర్‌స్టెన్ బంధువులతో కలిసి వస్తుంది కాబట్టి, ఇంట్లో ఉన్న పూల బకెట్లు ముందుగా చర్చికి చేర్చమంది. నేనూ మా ఆయనా వెళ్ళాం. ఆ చర్చి వింత ఏమిటంటే, చుట్టూ ఊరు వందల ఏళ్ళుగా చెత్త మీద చెత్త పడి ఎత్తు పెరిగిపోయింది, చర్చి మాత్రం ఉన్నచోటే ఉంది. అందుకని మెట్లెక్కి కాకుండా కిందికి దిగి దాని దగ్గరికి వెళ్ళాలి. లోపల ఎత్తయిన తెల్లటి కమానులు, ముందు భాగంలో మాత్రం చిన్నపిల్లలు వేసినట్టు ఎర్రగా నీలంగా కొత్తకాలం బొమ్మలు. నాకు నచ్చాయి. పూలు అందుకున్న ఆయన, ఊళ్ళో సగం మందికి అవి నచ్చవని చెప్పాడు.

పూలు పెట్టి వెనక్కి చూసేసరికి జనం వస్తున్నారు. సైకిళ్ళ ఆండర్స్‌కి ఊరంతా చుట్టాలే అన్నట్టుంది. వరుసలు నిండుతున్నాయి. మొదటి వరుసలో ఆ దారి పక్క సీటు చూసి నాకు గాభరా పుట్టింది. కాపలా లేదు, గుర్తు లేదు. ఎవరైనా వచ్చి కూర్చుంటే?

ఇక్కడ మా పాయా లేబర్ సంగతి చెప్పాలి. మా ఆఫీసు పక్క, చవక తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటరులో మధ్యాహ్నం భోజనాల వేళ కుర్చీ దొరకడమంటే యుద్ధమే. అందుకని ముందే వెళ్ళి కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్టు పెడతాం. అంతే, ఆ కుర్చీ మనది. తర్వాత తాపీగా వెళ్ళి వరుసలో నిలబడి అన్నం తెచ్చుకోవచ్చు. దీన్ని చోప్ చెయ్యడం అంటారు. మొదట్లో ఇదేం మోటుతనం అనుకున్నదాన్ని, రెండేళ్ళు తిరిగేసరికి మా ఆఫీసులో నా అంత చురుగ్గా చోప్ చేసేవాళ్ళు లేరని పేరు తెచ్చుకున్నాను. స్నేహితురాళ్ళకి కూడా నేనే చేసి పెడతాను. అది నా దృష్టిలో మనిషికి చేసే మర్యాద. నీ కోసం చూస్తున్నాను, నీ చోటు పోనివ్వలేదు అని చెప్పడం.

బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి బిర్తె సీటు మీద పెట్టాను. అంత పెద్ద చర్చిలో అది మరీ చిన్నగా కనిపించింది. నా శాలువా తీసి సీటు మీద పరిచి, పైన ప్యాకెట్టు పెట్టి, గొడుగు ఆనించాను. మా ఆయన కళ్ళు పెద్దవి చేశారు.

"ఏంటే ఇది? హాకర్ సెంటరు అనుకున్నావా?"

"మీరు ఊరుకోండి. ఆవిడ చెల్లెలి సీటు ఎవరైనా లాగేసుకుంటే?"

మేం కుడి వైపు మూడో వరుసలో కూర్చున్నాం. నాకు ఆ సీటు బాగా కనిపిస్తోంది. కిర్‌స్టెన్ వచ్చింది, శాలువానీ గొడుగునీ ఒకసారి చూసింది, లోపలికి జరిగి తన చోట కూర్చుంది. పెట్టె తెల్లగా ఉంది, దారి పొడుగునా నేల మీద పూలు. ఆర్గన్ వాద్యం మొదలైంది. రాతి గోడలు వణికినట్టయింది. మధ్యలో కిర్‌స్టెన్ చెయ్యి చాచి ఆ టిష్యూ ప్యాకెట్టు విప్పి కళ్ళు తుడుచుకోవడం చూశాను. వెనక్కి మాత్రం తిరగలేదు.

మొదటి పాట పాడుతున్నారు. అప్పుడు దారిలో అడుగుల చప్పుడైంది. నీలం రెయిన్‌కోటు వేసుకున్న ఒక ముసలావిడ, జుట్టు తడిసి, పూలు తొక్కకుండా అంచునే నడుచుకుంటూ వచ్చింది. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది. మొదటి వరుస దాకా వచ్చి, ఒక అడుగు వెనకే ఆగింది. శాలువానీ గొడుగునీ చూసింది. కిర్‌స్టెన్ వీపు వంక చూసింది. పాట ఇంకో చరణం అయ్యేదాకా అలాగే నిలబడి, తర్వాత వచ్చినంత నెమ్మదిగానే వెనక్కి వెళ్ళిపోయింది.

నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. "చూశారా? ఎవరో కూర్చోబోయింది. నేను పెట్టబట్టి సరిపోయింది."

ఈ మాట నేనే అన్నాను. గర్వంగా అన్నాను.

కాఫీ, కేకు

పెట్టెని మోసుకెళ్ళి బండిలో పెట్టాక, ఆ బండి కనుమరుగయ్యేదాకా అందరూ వానలో నిలబడ్డారు. తర్వాత పక్కనే ఒక హాల్లో కాఫీ. మన దగ్గర అయితే ముందు స్నానం. ఇక్కడ వెన్న రాసిన బన్నులు, క్రీము పొరల కేకు. ఒక్కొక్కళ్ళూ లేచి ఆండర్స్ గురించి ఏదో చెబుతున్నారు, అందరూ నవ్వుతున్నారు. పక్కాయన నాకోసం ఇంగ్లీషులోకి మార్చాడు. ఎవరి సైకిలు బాగు చేసినా, బెల్లు మాత్రం తనకి నచ్చింది పెట్టి ఇచ్చేవాడట ఆండర్స్. ఊళ్ళో సైకిళ్ళన్నిటికీ ఒకటే గంట.

కిర్‌స్టెన్ నా శాలువా మడతపెట్టి తెచ్చి ఇచ్చింది. నా చెయ్యి పట్టుకుంది.

"నాకోసం అక్కడ టిష్యూలు పెట్టింది నువ్వేనటగా. నేను పెట్టుకోవడం మర్చిపోయాను. ఇంత మంచి పని ఎవరికీ తోచలేదు."

"చెల్లెలుగారు..." అన్నాను.

"రాలేదు," అంది. "సరే. వస్తుందనే అనుకున్నాను."

ఆ మాట చాలా మామూలుగా అంది. తర్వాత నన్ను ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, ఆండర్స్ ఫోటోలు చూపించింది. ఒక ఫోటోలో సముద్రపు ఒడ్డున ముగ్గురు నిలబడి ఉన్నారు. మధ్యలో ఆండర్స్, ఒక పక్క కిర్‌స్టెన్, ఇంకో పక్క పొడుగాటి ముఖం ఉన్న మనిషి. ఎడమ భుజం కిందికి వాలి ఉంది.

కేకు నోట్లో ఉంది. పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

అప్పుడే చెప్పాల్సింది. ఆవిడ నా చెయ్యి పట్టుకునే ఉంది. నోరు తెరిస్తే చాలు. కానీ అంతమంది మధ్య, ఇంత మంచి పని అని ఇప్పుడే మెచ్చుకున్న మనిషితో, మీ చెల్లెలు వచ్చింది, నేనే తరిమేశాను అని ఎలా చెప్పను? ఫోటో బాగుందన్నాను.

ఇంటికి నడుస్తూ మా ఆయనకి చెప్పాను. ఆయన రోడ్డు మధ్యన ఆగిపోయారు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం వసూ? వాళ్ళింటి గొడవలో మనం వేలు పెట్టడం దేనికి? ఆదివారం ఫ్లైటెక్కేస్తాం," అన్నారు. ఆయన్ని అనుకుని లాభం లేదు. నాకు కావలసిన మాటే ఆయన అన్నారు.

వరద స్తంభం

మర్నాడంతా ఇంటి బయటే గడిపాను. నది ఒడ్డున ఒక చెక్క స్తంభం ఉంది. సముద్రం పొంగి ఊరు మునిగినప్పుడల్లా నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో దాని మీద పట్టీలు కొట్టి గుర్తు పెట్టారు. అన్నిటికన్నా పై పట్టీ నా తలకి చాలా ఎత్తున ఉంది. ఒక బడి పంతులమ్మ పిల్లల్ని తెచ్చి చూపిస్తోంది. గోదావరి వరదల్లో పెరిగినదాన్ని, మామూలుగా అయితే ఆవిడతో మాటలు కలిపి ఊళ్ళో కబుర్లన్నీ రాబట్టేదాన్ని. ఆ రోజు ఎవరైనా నావైపు చూస్తే తల తిప్పుకున్నాను.

అక్కణ్ణుంచి ఎటు వెళ్ళినా ఆండర్స్ కొట్టు దగ్గరికే తేలుతున్నాను. చిన్న ఊరు కదా. మూసిన తలుపు, మెట్ల మీద ఎవరో పెట్టిన అడవి పూల గుత్తి, పక్కన ఎవరో వదిలేసిన గాలి పంపు.

సాయంత్రం ఇంటికొస్తే మేడ మెట్ల మీద మూత పెట్టిన గిన్నె ఉంది. తెరిచి చూస్తే బంగాళాదుంపల వేపుడు. కిర్‌స్టెన్ నా పద్ధతిలో చెయ్యబోయింది. ఆవాలు దొరక్క ఇంకేవో గింజలు వేసింది, మిరపకాయ బదులు మిరియాలు. అన్న పోయిన మనిషి, చెల్లెలు రాని మనిషి, మేం వెళ్ళిపోతున్నామని వండి పెట్టింది. మా ఆయన బాగుందంటూ తిన్నారు. నేను నా వంతు కంచంలోనే వదిలేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

శనివారం పొద్దున

కిర్‌స్టెన్ వంటింట్లో రొట్టె కోస్తోంది. నేను కూర్చోకుండా చెప్పేశాను. శాలువా ఎందుకు పరిచానో, టిష్యూలు ఎందుకు పెట్టానో, అవి ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి పెట్టినవి కావని, పాట మధ్యలో ఎవరొచ్చారో, ఎక్కడిదాకా వచ్చారో, అన్నీ.

ఆవిడ చాకు కింద పెట్టింది.

"వచ్చిందా?"

"వచ్చారు."

"బిర్తె. చర్చిలోకి. వచ్చిందా?"

మూడోసారి కూడా అదే అడిగింది. నేను చేసిన పని ఆవిడ చెవిన పడిందో లేదో నాకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చుంది. ముఖం ఎర్రబడింది, ఒక్కసారిగా పదేళ్ళు చిన్నదైనట్టు కనిపించింది. తర్వాత ఏదో తట్టి నావైపు చూసింది.

"ఆండర్స్ కొట్టు మెట్ల మీద పూలున్నాయి, చూశావా? మనం కాఫీ నుంచి వచ్చేటప్పుడు లేవు. సాయంత్రం వెళితే ఉన్నాయి. ఎవరు పెట్టారా అనుకున్నాను. అంటే సాయంత్రం దాకా ఊళ్ళోనే ఉంది. నువ్వు నాతో ఎందుకు చెప్పలేదు?"

కోపంగా అడగలేదు. దారి తెలియని మనిషి దారి అడిగినట్టు అడిగింది. సిగ్గేసింది అన్నాను. ఆవిడ తల ఊపి, ఆ జవాబుని అక్కడే వదిలేసి, లేచి కోటు తొడుక్కుంది.

"నేను చెబితే నమ్మదు. నువ్వు రావాలి," అంది.

ఫానో

ఎస్బియెర్ రేవు నుంచి ఫానోకి పడవ పావుగంట కూడా పట్టదు. కార్లు, సైకిళ్ళు, కుక్కలు, మనుషులు అన్నీ ఒకే పడవలో. కిర్‌స్టెన్ కిటికీ పక్కన కూర్చుని ఆ కొంచెం దూరంలో నన్ను రెండే ప్రశ్నలు అడిగింది. నా దగ్గరికి ఎంత దగ్గరగా వచ్చింది? చెయ్యి చాస్తే అందేంత, అన్నాను. కోపంగా ఉందా? లేదండీ, ఇల్లు పొరబడి వచ్చినట్టు ఉన్నారు, అన్నాను. ఆ తర్వాత నీళ్ళు చూస్తూ కూర్చుంది.

అక్కడ గడ్డి కప్పుల పొట్టి ఇళ్ళు. కిటికీల్లో పింగాణి కుక్కల బొమ్మలు జంటలుగా పెడతారు. పూర్వం మగవాళ్ళు ఓడల మీద వెళితే ఆ కుక్కలు బయటికి చూస్తూ ఉండేవట, తిరిగొస్తే లోపలికి తిప్పేవారట. ఇది గైడు పుస్తకంలో చదివాను. దారిలో కిర్‌స్టెన్‌ని అడిగే ధైర్యం లేకపోయింది.

బిర్తె తలుపు తీసింది. ఫోటోలో మనిషే. అక్కని చూసి, నన్ను చూసి, తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. కిర్‌స్టెన్ నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు జరిపింది. నేను దారంతా కూడబలుక్కున్న ఇంగ్లీషు ఎటో పోయింది.

"ఆ సీటు మీదేనండీ. మీ అక్కగారు మీకోసమే ఉంచారు. దాని మీద శాలువా వేసింది నేను. మీ చోటు ఎవరూ తీసుకోకూడదని వేశాను. మా ఊళ్ళో అలా చేస్తాం. ఆవిడకి ఏమీ తెలియదు. మిమ్మల్ని చూడను కూడా లేదు."

బిర్తె నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ అడిగింది.

"మీ ఊళ్ళో సీటు ఊరికే వదిలేస్తే ఎవరైనా కూర్చుంటారా?"

"కూర్చుంటారండీ."

"చచ్చిపోయిన మనిషి చెల్లెలి సీట్లో కూడానా?"

తల దించుకున్నాను.

"మా ఊళ్ళో ఎవరూ కూర్చోరు," అంది. గొంతులో దెప్పిపొడుపు లేదు, తెలియనిదానికి చెబుతున్నట్టు ఉంది. "అది ఎవరిదో రీబెలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అందుకే నేరుగా అక్కడికే వచ్చాను."

చర్చి అంతా నిండి, వెనక జనం గోడల వెంట నిలబడి ఉండడం నేను చూశాను. నేను శాలువా పరిచే ముందు కూడా ఆ వరుస పక్కనుంచి ఎందరో దాటిపోయారు, ఒక్కరూ ఆ సీటు వైపు అడుగు వెయ్యలేదు. ఊరంతా కలిసి దాన్ని ఖాళీగా ఉంచింది. దాని మీద చెయ్యి వేసినదాన్ని నేనొక్కదాన్నే.

కిర్‌స్టెన్ వాళ్ళ భాషలో ఏదో చిన్న మాట అంది. బిర్తె కూడా ఒక మాట అంది. అవేమిటో నాకు తెలియదు, ఎవరూ ఇంగ్లీషులోకి మార్చలేదు. బిర్తె తలుపు వదిలి పక్కకి జరిగింది. కిర్‌స్టెన్ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వంగి, చెల్లెలి బూట్ల పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది.

నన్నూ రమ్మంది బిర్తె. కాఫీ పెడతానంది. సామాను సర్దుకోవాలని అబద్ధం చెప్పాను. అప్పుడు ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, తెలియక చేశావు అని ఓదార్చింది. తెలియక చేసింది గురువారం పొద్దుటి పని. ఆ మధ్యాహ్నం నుంచి అంతా తెలిసే చేశాను. ఆ మాట ఆవిడకి చెప్పలేదు, కిర్‌స్టెన్ కూడా చెప్పదని నాకు తెలుసు. ఇద్దరిలో ఒక్కళ్ళు ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు పడవ దాదాపు ఖాళీగా ఉంది. కిటికీల పక్కన బెంచీలన్నీ అలాగే ఉన్నాయి. టిక్కెట్లు చూసే అతను కూర్చోండి అని రెండుసార్లు చెప్పాడు. ఫర్వాలేదన్నాను. ఎస్బియెర్ దాకా నిలబడే వచ్చాను.